చల్లారేటప్పటి రీడింగులు

నిన్న టీవీ మెకానిక్ దుకాణం ముందు కాసేపు ఆగిపోయాను. లోపల టంకం పెడుతున్న వాసన. అది తగిలితే నాకు రాజేశ్వరి మేడమ్ గారు గుర్తొస్తారు. ల్యాబులో తీగలు ఆవిడే అతుక్కునేవారు, అటెండరు చేతికి ఇచ్చేవారు కారు.

అరవైల చివర విజయనగరంలో నేను బీయస్సీ రెండో ఏడు చదువుతున్నప్పుడు ఆవిడ మాకు ఫిజిక్స్ చెప్పేవారు. క్లాసులయ్యాక, గరివిడి వైపు నుంచి తెప్పించిన మాంగనీసు రాళ్ల మీద తన డాక్టరేటు కోసం పరిశోధన చేసుకునేవారు. రాయిని చిన్న కొలిమిలో వేడి చేస్తూ, దాని విద్యుత్ నిరోధం ఎలా తగ్గుతోందో కొలవడం ఆ పని. నేనూ సాయం చేస్తానంటే ఎగాదిగా చూసి, "ఓపికున్నాదా? తెలివి సంగతి తరవాత సూద్దాం" అన్నారు. ఆవిడది శ్రీకాకుళం దగ్గర పల్లె. పాఠం పుస్తకాల తెలుగులో చెప్పినా, మనసులో మాట ఊరి యాసలోనే వచ్చేది.

వేడెక్కేటప్పటి రీడింగులు చాలనేవారు. ఒక సాయంత్రం మా ఊరి బస్సుకు ఇంకా టైముండటంతో, ఊరికే కూర్చోలేక రాయి చల్లారేటప్పుడు కూడా రాసుకున్నాను. పూర్తిగా చల్లారాక నిరోధం మొదటి విలువకు రాలేదు, బాగా ఎక్కువ చూపించింది. తప్పు నాదే అనుకుని మళ్లీ మళ్లీ చేశాను. అదే రాయిని వెంటనే ఇంకోసారి వేడి చేస్తే తేడా లేదు. వానాకాలపు గాలిలో ఒక రోజు వదిలేస్తే తేడా తిరిగొచ్చేది. రాయి గాలిలోని తేమ పీలుస్తోంది, వేడికి అది ఆరిపోతే నిరోధం పెరుగుతోంది. మేం రాయితోపాటు నీటిని కూడా కొలుస్తున్నాం.

అది అర్థమయ్యాక భయం వేసింది. ఆవిడ రెండేళ్ల కొలతలన్నీ ఆరబెట్టని రాళ్ల మీదివే. రెండు రోజులు నోరు విప్పలేదు. మూడో రోజు ఆవిడే అడిగారు.

"ఏటమ్మా, మొకం సాటేస్తన్నావు?"

"చల్లారేటప్పుడు ఏటో తేడా వస్తన్నాది మేడమ్" అని నా నోట్‌బుక్ ఇచ్చాను.

చాలాసేపు చూశారు. "ఎన్నిసార్లు సేసావు?"

"ఏడుసార్లండి."

"ఎనిమిదోసారి నా ముందు సెయ్యి."

చేశాను. తేడా అలాగే వచ్చింది. ఆవిడ లేచి, బీరువాలోంచి తన నోట్‌బుక్కులు తీసి, ఒక్కో పేజీకి అడ్డంగా గీత కొట్టుకుంటూ పోయారు. చెయ్యి ఎక్కడా ఆగలేదు. మధ్యలో ఒకసారి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, అంతే. నాకే ఏడుపు ఆగలేదు.

"ఏడుపెందుకు? నువ్వు సూడకపోతే ఇదంతా తప్పుగానే అచ్చయిపోయేది. రేపు పెందలాడే రా. ముందు రాళ్లు ఆరబెడదాం" అన్నారు.

డాక్టరేటు ఆవిడకు మూడేళ్లు ఆలస్యంగా వచ్చింది. అంతకన్నా ముందే ఈ తేమ సంగతి మీద అచ్చయిన వ్యాసంలో ఆవిడ పేరు పక్కన, అప్పటికింకా డిగ్రీ చేతికి రాని నా పేరు కూడా ఉంది.

ఆ తరవాత నేనూ పరిశోధనలోకే వచ్చాను, ఏళ్ల తరబడి పాఠాలు చెప్పాను. విద్యార్థులు నా లెక్కకు సరిపోని అంకె తెచ్చినప్పుడు కోపం వచ్చేది, దాచను. అది దిగేదాకా ఆగి, ముందు నా లెక్క చూసుకునేదాన్ని. చాలాసార్లు పొరపాటు వాళ్లదే. రెండుసార్లు మాత్రం నాది. ఆ రెండుసార్లూ క్లాసులో అందరి ఎదుటా నిలబడి చెప్పాను.