వారం తప్పని డబ్బా

చిట్యాల లారీ యార్డులో జీపీఎస్ డబ్బాలు చూసుకునే పని నాది. ఎవరూ నేర్పలేదు, లెక్కల మీద ఇష్టంతో నేనే నేర్చుకున్నాను. ఉపగ్రహాలు తేదీ చెప్పవు, ఎన్నో వారమో చెబుతాయి. ఆ లెక్క 1023 దాకా పోయి మళ్లీ సున్నాకు వస్తుంది. 2019 ఏప్రిల్‌లో అలా తిరగబడి, మా పాత డబ్బాలు 1999లోకి పోతాయని ఓనరుకు ముందే చెప్పాను. ఆయనా నేనూ చిన్నప్పటి నుంచి కలిసి తిరిగినవాళ్లం.

"1024 వారాలు కలుపుకుంటే సరిపోతదన్నా."

"నువ్వున్నవ్ గదరా, నాకేం ఫికర్?" అన్నాడు.

తిరగబడ్డాక కూడా యార్డులో ఎవరికీ పట్టలేదు. మా దగ్గర తేదీ అడగరు, "ఏం వారం?" అని అడుగుతారు. డబ్బా సరిగ్గా వారాల లెక్కనే వెనక్కి పోయింది కాబట్టి ఐతారం ఐతారంగానే ఉంది. గంటలూ తప్పలేదు.

ఆ నెలలోనే ఒక ఐతారం మా లారీ ఒకటి హైవే మీద గొర్రెల మందలోకి దూసుకుపోయి, ఆగకుండా వెళ్లిపోయింది. మరునాడు గొర్రెలాయన యార్డుకొచ్చి ఏ డ్రైవరని నిలదీశాడు. ఓనరు మా యార్డులోనే లారీ నడిపే మా చెల్లె భర్తను చూపించాడు. నిజానికి ఆ పొద్దు ఆ దారిలో వచ్చిన మా లారీని నడిపింది ఓనరు బామ్మర్ది.

మా చెల్లె భర్త పని నిలబడాలంటే నా దగ్గరున్నది డబ్బా ఒక్కటే. ఆయన లారీ ఆ పొద్దంతా మేళ్లచెరువులో సిమెంటు లోడు కోసం ఆగి ఉందని అది చూపిస్తోంది. తేదీ మాత్రం 1999 ఆగస్టు. వారాలు కలిపి చూపించాను.

"ఐతారమే గద, కలుస్తాంది," అన్నాడు గొర్రెలాయన.

ఓనరు నవ్వాడు. "గా లెక్క నమ్మకు పెద్దయ్యా. డబ్బాలు తప్పు చూపిస్తయని గీడే జెప్పిండు నాకు. అవునా కాదారా?"

"తేదీ ఒక్కటే తప్పన్నా. జాగా తప్పలే, టైము తప్పలే. అయినా 1999ల గా లారీ పుట్టనే లేదు గద!"

"ఇరవై ఏండ్ల కిందటి ముచ్చట దెచ్చి బావను కాపాడుకుంటాండు సూడుండ్రి!"

అందరూ నవ్వారు. గొర్రెలాయన కూడా. మా చెల్లె భర్త లారీ తాళం బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు.

సాయంత్రం వాళ్లింట్లో అన్నానికి కూర్చున్నాం. ఓనరు ఫోన్ చేశాడు. చేయి ఎంగిలని స్పీకరు పెట్టాను.

"డబ్బాలన్నిట్ల వారాలు కలిపెయ్‌రా. నీ లెక్క మంచిగనే ఉన్నది, నాకెరుకే."

మా చెల్లె భర్త ముద్దను పళ్లెంలోనే వదిలేశాడు.