ఎడమ మేజోడు

నిన్న ఫోన్‌కు ఒక వీడియో వచ్చింది. ఇక్కడ గల్ఫ్‌లో, ఫహాహీల్‌లో ఒక రెస్టారెంటు, కీబోర్డు ముందు మా తమ్ముడు, పైన ‘సోల్ జాజ్ లైవ్’ అని మెరిసే అక్షరాలు. మా ప్రార్థన కూటం వాళ్లంతా కింద పూలూ చప్పట్లూ పెట్టారు. ఆ వీడియోలో వినబడే దానిలో మా తమ్ముడిది ఒక్క స్వరం కూడా లేదు. ఆ సాయంత్రం నేను అక్కడే ఉన్నాను గనుక చెబుతున్నాను.

మాది నరసాపురం వైపు. తమ్ముడు చర్చిలో హార్మోనియం నేర్చుకుని, ఇక్కడ ఒక హోటల్లో గదులు తుడిచే పనికి వచ్చాడు. అదే హోటలు లాండ్రీలో నేను. ఖాళీ హాల్లో ఆర్గన్ మీద దుమ్ము తుడుస్తూ వాడు ఒక కీర్తన వాయిస్తుంటే, అక్కడి బ్యాండులో సాక్సోఫోన్ వాయించే గోవా ఆయన విన్నాడు. చర్చిలో పాడుకున్న పాట వీధిలోకి వచ్చి భుజాలూపుకుంటూ నడిస్తే అదే సోల్ జాజ్ అని చెప్పి, వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆర్గన్, సాక్సోఫోన్, డ్రమ్ములు, అంతే. బేస్‌కు, అంటే అడుగున మోగే మంద్రానికి, వేరే మనిషి ఉండడు. ఆర్గన్ ముందున్నవాడే కింద వరసగా ఉన్న చెక్కల్ని ఎడమ పాదంతో నొక్కుతూ ఆ పని కూడా చేస్తాడు. చెక్క తగులుతుంటేనే గాని తెలియదని తమ్ముడు ఆ బూటు విప్పేసేవాడు. వాడి మేజోళ్లలో ఎడమదే ముందు చిరిగేది, కుట్టేది నేను. ఫిలిప్పీన్స్ డ్రమ్మతను ఎక్కడైనా తడబడితే తమ్ముడి పాదం ఒక్క క్షణం ఆగి, అతను అందుకున్నాక కదిలేది. గోడకివతల ఇస్త్రీ చేస్తూ ఆ ఆగడం వినేదాన్ని. లైవ్ అంటే నాకు తెలిసింది అదే. హోటలు ఆ ఆర్గన్‌ను అమ్మేసి ఇరవై ఏళ్లయిందని తమ్ముడంటాడు. ఇరవై మూడు.

ఇప్పుడు పెళ్లి విందుకు వెళ్లినా, ప్రార్థనకు వెళ్లినా పెన్‌డ్రైవే పాడుతుంది. అయినా రెస్టారెంటు వాళ్లు పిలిచారనగానే వాడు పొంగిపోయాడు. వచ్చే నెలతో మా ఇఖామాలు, అంటే ఇక్కడ ఉండే పర్మిట్లు, ఖలాస్, ఇంటికి వెళ్లిపోవాలి. వెళ్లేలోగా ఒక్కసారి నలుగురి ముందు వాయించాలని వాడి కోరిక. మహబూలాలో మా గదిలో అన్నం తినే బల్ల మీదే వేళ్లు ఆడిస్తూ సాధన చేశాడు. పక్క మంచాలవాళ్లు పిచ్చి పట్టిందన్నారు.

తీరా వెళ్లి మీటలు నొక్కితే చప్పుడు లేదు. తీగ ఊడిందేమోనని వాడు వంగి చూస్తుంటే, ఏర్పాట్లు చూసే రాయచోటి ఆయన పరుగున వచ్చాడు.

“సార్, మీరు ఊరికే చేతులాడించండి సాలు. మ్యూజిక్కంతా లాప్‌టాప్‌లో ఉండాది.”

లైవ్ అని రాశారు కదా అని నేనడిగాను.

“మనుషులు లైవ్‌గానే ఉండారు కదమ్మా.”

అలాగైతే బట్టల కొట్టు బొమ్మను తెచ్చి కూర్చోబెట్టుకోండి, దానికి టీ కూడా పోయక్కర్లేదన్నాను. అక్కడ సాక్సోఫోన్ మెడలో వేసుకున్నవాడు చూయింగ్ గమ్ నములుతున్నాడు. ఊదేవాడి బుగ్గలు ఎలా ఉంటాయో నాకు తెలియదా? హుక్కా పొగలో జనం కీబోర్డు వైపు వీపు పెట్టి, సెల్ఫీలకు మాత్రం ఇటు తిరుగుతున్నారు. తమ్ముడి చెయ్యి పట్టుకుని, పద ఇంటికి అన్నాను. వాడు లేవలేదు.

“ఊరుకో అక్కా. వాయించనివ్వకపోతే మానె, కూర్చోనిచ్చారు.”

ఆ మాటకు వాడి మీద కూడా అసహ్యం వేసింది. ఇంత చవగ్గా ఒప్పుకుంటాడా అని పక్క బల్ల దగ్గర కూర్చుని మొహం తిప్పుకున్నాను. లాప్‌టాప్ మొదలుపెట్టింది. ఎక్కడా తడబడదు, ఎవరి కోసమూ ఆగదు, ఏసీ మోతలా సాగిపోతుంది. పాట సగంలో నా చెంచా కింద పడింది. తీసుకోవడానికి వంగితే కీబోర్డు బల్ల కింద ఎడమ బూటు పక్కన పెట్టి ఉంది. నేను కుట్టిన మేజోడు తివాచీ మీద, లేని చెక్కల్ని ఒక్కొక్కటిగా వెతికి నొక్కుతోంది. మధ్యలో ఒకచోట ఆగింది. ఎప్పుడో వెళ్లిపోయిన డ్రమ్మతని కోసమే ఆగి ఉంటుంది. తర్వాత కదిలింది.

వీడియోలో తమ్ముడు నడుము దాకానే పడ్డాడు. ఇక మీదట ఎవరడిగినా చూపించేది అదే. ఆ తివాచీని మర్నాడు పొద్దున్నే దులిపేసి ఉంటారు.