మూడుసార్లు రాసిన కారణం

ఇవాళ వంటింట్లో వెనిగర్ సీసా మూత తియ్యగానే ఆ ఘాటుకు ముక్కు అదిరింది, నాచారంలోని మా ల్యాబ్ గుర్తొచ్చింది. ల్యాబ్ వెంట ప్రమీల మేడమ్. మందుల కంపెనీలో నా మొదటి ఉద్యోగానికి ఆవిడే పైఅధికారి. ఉప్పల్‌లో తరతరాలుగా వ్యవసాయం చేసిన ఇంటి మనిషి. నేనేమో తెనాలి నుంచి కొత్తగా దిగినవాణ్ణి. నోరు తెరిచి "అండీ" అంటే చాలు, తోటివాళ్ళు కిసుక్కుమనేవారు.

హబ్సిగూడలో ఒక ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. మొదట్లో ఆదివారాలు, తర్వాత రోజూ, చివరికి మధ్యాహ్నం భోజనం మానేసి మరీ బైకు మీద పరుగెత్తేవాణ్ణి. చాట్‌లో నేను పెద్ద సైంటిస్టును. ముక్కూ మొహం తెలియని జనం నా కోతలన్నీ నమ్మేవారు. సిగ్గుమాలిన పనే, కానీ ప్రాణానికి హాయిగా ఉండేది.

ఒకరోజు ఆ తొందరలో, పరీక్షకు పెట్టాల్సిన పొడిని తూచకుండానే తూకం అంకె రికార్డులో రాసేసి వెళ్ళిపోయాను. మా పనిలో ఇంతకు మించిన నేరం లేదు, ఉద్యోగం ఊడుతుంది. తిరిగొచ్చేసరికి మేడమ్ ఆ పేజీనీ, సీలు విప్పని పొడి డబ్బానూ ముందేసుకుని కూర్చుంది.

"తప్పు ఎందుకు జరిగిందో కారణం రాసియ్యి" అంది. మా దగ్గర అదే పద్ధతి. అసలు కారణం తేలనిదే కాగితం ముందుకు కదలదు.

"అజాగ్రత్త" అని రాశాను. తిప్పి ఇచ్చేసింది. "ఇంటర్నెట్ వ్యసనం" అని రాశాను. అదీ తిప్పి ఇచ్చేసింది.

"నెట్ జేసిందా గిది? ఏం తప్పించుకోనీకి ఉర్కుతున్నవ్ ఆడికి? గది రాయి."

ఆఖరికి రాశాను: తూకం తర్వాత పరీక్ష చెయ్యాల్సిన మిషన్ నడపడం నాకు రాదు, అడిగితే నవ్వుతారని భయం. రాశాక గుండె మీంచి బండ దిగినట్టయింది.

"గిప్పుడు దొరికింది" అంది మేడమ్. "రేపట్నుంచి నా పక్కన నిలవడు. రానిది అడుగు. నవ్విన నాపచేనే పండుతది."

హెచ్చరిక కాగితంతో ఉద్యోగం నిలిచింది. ఇంటర్నెట్ సెంటర్ ఒక్కరోజులో మానలేదు. మిషన్ చేతికి వచ్చేకొద్దీ అటు పోవాలనే అనిపించలేదు.

ఇప్పుడు ఇంటర్నెట్ జేబులోనే ఉంటోంది. నిన్న ఆఫీసులో, కొత్త సాఫ్ట్‌వేర్ ఎదురుగా పెట్టుకుని, గంటసేపు ఫోనులో వీడియోలు చూస్తూ గడిపాను. తర్వాత ఫోను పక్కన పెట్టి, నా కింద పనిచేసే అమ్మాయి దగ్గరికి వెళ్ళి, "నాకిది రాదమ్మా, కాస్త చూపించు" అన్నాను. నవ్వింది. నవ్వితే నవ్వనీ అనుకుని కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.