'సేవ్ అయింది' అన్న గొంతు

మా మస్కట్ కంపెనీ దుక్మ్ సైట్‌లో టైమ్‌కీపరుగా పనిచేసే రోజుల్లో ఒక పైపు పగిలి, ఆయన రెండు కళ్ళలోనూ యాసిడ్ చిమ్మింది. హైదరాబాదులో ఏడాదిపాటు వైద్యం చేయించుకున్నా చూపు రాలేదు. ఆ ఏడాదిలోనే అక్కడ చూపులేనివాళ్ళకు కంప్యూటర్ నేర్పే చోట చేరి పని నేర్చుకున్నాడు. మా పెద్ద మేనేజరు ఆయన్ని మళ్ళీ పిలిపించి, మస్కట్ ఆఫీసులో కింది అంతస్తున ఫోను దగ్గర కూర్చోబెట్టాడు. అదే ఆఫీసులో పై అంతస్తున నేను సాఫ్ట్‌వేర్ పని చూసేదాన్ని.

ఆయనకు నలభై దాటాయి. జగిత్యాల వైపు ఊరు. క్యాంపుల్లో ఉండే మనవాళ్ళు ఫోన్ చేసి రూములో ఏసీ పాడైందనో, ఒంట్లో బాగోలేదనో చెబితే, వాటిని కంపెనీ సిస్టంలో ఎక్కించడం ఆయన డ్యూటీ. అలా ఎక్కిస్తేనే క్యాంపు డ్రైవరు ఫోనులోకి ఆ కబురు వెళ్తుంది. ఎంట్రీ లేకుండా అక్కడ బండి కదిలేది కాదు.

తెరమీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఒకటి ఆయన కంప్యూటర్లో ఉండేది. అయితే మా సిస్టంలో బటన్లన్నీ బొమ్మలే. వాటికి పేర్లు పెట్టాలన్న ఆలోచన తయారుచేసినవాళ్ళకు రాలేదు. చేరిన వారానికి ఆయన గోడ పట్టుకుని మెట్లెక్కి నా దగ్గరకొచ్చాడు.

"మేడం, ఇది అన్నిటికీ బటన్, బటన్, బటన్ అనే అంటున్నది. ఏది ఏ బటనో నాకెట్ల ఎర్కయితది?"

స్క్రీన్ రీడర్‌కు మనం స్క్రిప్టులు రాసి పెట్టవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. ఈ బొమ్మను 'కొత్త ఫిర్యాదు' అని పిలువు, ఈ కీ నొక్కితే నేరుగా రూమ్ నంబరు దగ్గరకు వెళ్ళు, అని దానికి చెప్పే చిన్న ప్రోగ్రాములు అవి. నేర్చుకుని ఒక్కొక్కటే రాశాను. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆయన పక్కన కూర్చునేదాన్ని. ఆయన వినే వేగానికి నాకు ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు. ఆయన మాత్రం మధ్యలో చెయ్యెత్తి, "ఆగు చెల్లె, తేదీ కాడ తప్పు చదివింది" అనేవాడు. మేడం ఎప్పుడు చెల్లె అయిందో గుర్తులేదు. నేను అన్నా అనేదాన్ని.

రెండు నెలలకు ఆయన కళ్ళున్న వాళ్ళకంటే తొందరగా ఎంట్రీలు చేస్తున్నాడు. ఒకరోజు ఇంకొక్క కోరిక కోరాడు.

"చెల్లె, సేవ్ కొట్టినంక అది ఏం మాట్లాడదు. అయిందో కాలేదో తెల్వక మళ్ళ మొత్తం ఎతుక్కుంటున్న. అయినంక ఒక్క మాట చెప్పేటట్టు చెయ్యరాదు?"

అది సరిగ్గా చెయ్యాలంటే సిస్టం నుంచి జవాబు వచ్చిందో లేదో స్క్రిప్టు చూడాలి, వచ్చాకే పలకాలి. దానికి ఇంకో రెండు రోజుల పని. ఈద్ సెలవులకు సలాలా వెళ్ళడానికి మస్కట్‌లోనే వాడీ కబీర్ అనే పేటలో ఉన్న మా ఇంట్లో పెట్టెలు సర్దుతున్నాం. ఆయన సేవ్ కీ నొక్కగానే 'సేవ్ అయింది' అని పలికేలా ఒక్క వరుస రాసి ఇచ్చేశాను. వచ్చాక సరిచేద్దామనుకున్నాను. వచ్చాక మరిచిపోయాను. ఆ మాట వినగానే ఆయన ముఖంలో కనిపించిన సంతోషం చూసి నేనూ సంతోషపడ్డాను.

వేసవిలో ఒక ఉదయం దుక్మ్ క్యాంపు నుంచి ఒక తాపీ మేస్త్రీ ఫోన్ చేశాడు. అన్న ఊరికి పక్క మండలం మనిషే. కడుపులో కుడివైపు నొప్పి, డ్యూటీకి పోలేకపోయాడు. ఆసుపత్రికి బండి కావాలని ఈయన ఎంట్రీ చేసి సేవ్ నొక్కాడు. సేవ్ అయింది అని వినపడింది. "బండి వస్తది, నువ్వు పండుకో" అని మేస్త్రీకి చెప్పాడు.

ఆ కాసేపు ఆఫీసులో నెట్ లేదు. ఎంట్రీ ఎక్కలేదు.

వస్తుందన్నారు గదా అని మేస్త్రీ మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. రూములో వాళ్ళంతా సైట్‌కు వెళ్ళిపోయారు. పొద్దుగూకే వేళకు వాళ్ళు డ్యూటీ నుంచి వచ్చేసరికి మనిషి లేవలేని స్థితిలో ఉన్నాడు. కడుపులో అపెండిక్స్ ఎప్పుడో పగిలిపోయిందని డాక్టర్లు చెప్పారు. మూడో రోజు చనిపోయాడు.

విచారణకు నన్నూ పిలిచారు. ఫోన్ వచ్చినట్టు రికార్డు ఉంది, ఎంట్రీ లేదు. గుడ్డివాడు ఏదో కీ బదులు ఏదో నొక్కి ఉంటాడని గదిలో అందరూ ముందే తేల్చుకున్నారు. ఆయన మాత్రం ఒకే మాట చెప్పాడు.

"సేవ్ అయింది అన్నది సార్. నేను విన్న. నా చెవులతోని విన్న."

"సిస్టంలో లేదు కదా?" అన్నాడు మేనేజరు.

"అయినా అన్నది సార్."

నేను రాసిన ఆ ఒక్క వరుస కళ్ళముందు కనపడింది. విచారణ ముగిసేదాకా కూర్చున్నాను. పైకి వెళ్ళి తలుపు వేసుకుని స్క్రిప్టు తెరిచి చూశాను. అనుకున్నదే. నెట్ తీగ పీకేసి సేవ్ నొక్కాను. సేవ్ అయింది, అంది.

మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. నా ఉద్యోగం గురించి, పిల్లల స్కూలు గురించి ఆలోచించాను. ఆ మూడు రోజులూ ఆయన పక్కనుంచే లోపలికి వెళ్ళాను. చెప్పుల చప్పుడుకే నన్ను గుర్తుపట్టే మనిషి, ఒక్కసారి కూడా పలకరించలేదు. నాలుగో రోజు మేనేజరు గదిలోకి వెళ్ళి జరిగింది చెప్పాను. "అతని వీసా క్యాన్సిల్ కాగితాలు వెళ్ళిపోయాయమ్మా. ఫైలు మూసేశారు. దీన్ని రాతలో పెట్టకు" అన్నాడు. సీటు దగ్గరకొచ్చి అంతా రాసి మేనేజరుకే మెయిల్ పంపాను. జవాబు రాలేదు. నా ఉద్యోగమూ పోలేదు.

మర్నాడు శుక్రవారం ఉదయం మావారు నన్ను మస్కట్‌లోనే హమ్రియాలో అన్న ఉండే రూముకు తీసుకెళ్ళి, కింద కారులోనే కూర్చున్నారు. ఆయన మంచం మీద బట్టలు తడిమి మడత పెట్టుకుంటున్నాడు. నిలబడే మొత్తం చెప్పాను. ఆయన మడత పెడుతున్న చొక్కా ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అంటే నేను విన్నది నిజమే," అన్నాడు.

"నిజమే అన్నా."

"నా చెవులు ఖరాబైనయేమో అనుకున్న చెల్లె. కండ్లు పోయినయి, ఇగ ఇవి గూడ పోతున్నయేమోనని మూడు దినాలు నిద్రపోలే. నువ్వు ఎప్పుడు చూసుకున్నవ్?"

"విచారణ రోజే."

"మరి మూడు దినాలు ఏం చేసినవ్?"

ఏడ్చాను. ఆయన నన్ను ఊరుకోమని అనలేదు.

"ఆ మేస్త్రీ ఇంటోళ్ళది మా పక్క మండలమే. నేనే మర్చిపోయి పానం తీసిన్నని అనుకుంటున్నరు. వాళ్ళ మొకం ముంగట్కెల్లి నేను తిరగాలె. నాకు చెప్పినట్టు వాళ్ళకు చెప్పు. నంబర్ రాసుకో."

ఒక్కో అంకె నిదానంగా చెప్పాడు. ఆ సాయంత్రమే విమానం ఎక్కాడు.

ఫోన్ చెయ్యడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. "నువ్వెందుకు తలకెత్తుకోవడం? వాళ్ళు కేసు పెడితే?" అన్నారు మావారు. పన్నెండో రోజు వంటింట్లో నిలబడి నంబరు నొక్కాను. మేస్త్రీ భార్య ఎత్తింది. తడబడుతూనే చెప్పాను. కంప్యూటర్ సంగతులు ఆమెకు ఎంతవరకు అర్థమయ్యాయో తెలియదు. చివర్లో, "తప్పు ఆయనది కాదమ్మా, నాది" అన్నాను.

"గిప్పుడెందుకు చెప్తున్నవమ్మా?" అంది ఆమె. తిట్టినట్టు లేదు, నిజంగానే అడిగింది. "బండి వస్తదని మా ఆయన నాకు గూడ ఫోన్ చేసి చెప్పిండు. పండుకున్న, వస్తది అన్నడు. నేను ఇంట్ల పని చేసుకుంట ఉన్న."

మళ్ళీ ఆమే అందుకుంది.

"దినాలకు ఆయన మా గడపకాడికి వస్తే మా మరిది లోపలికి రానియ్యలే. కండ్లు లేని మనిషి, ఎండల నిలబడి నిలబడి పోయిండు. రమ్మనుమని చెప్పు," అని పెట్టేసింది.

వెంటనే ఆయనకు ఫోన్ చేసి ఆమె మాట చెప్పాను. "సరే" అన్నాడు. ఆ తర్వాత నెలకోసారి చేసేదాన్ని. రెండుసార్లు ఎత్తి బాగున్నానని చెప్పాడు. తర్వాత ఎత్తడం మానేశాడు. ఆ ఇంటికి వెళ్ళాడో లేదో నాకు తెలియదు.