పావు చుట్టు

నాకు కాలు ఒక చోట నిలవదు. చిన్నప్పటి నుంచీ అంతే. అన్నం ఉడికిందో లేదో చూడటానికి మూడుసార్లు మూత తీసేవాణ్ణని అమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పేది. బస్టాపులో పది నిమిషాలు నిలబడలేక నడక మొదలుపెట్టేవాణ్ణి. రెండు స్టాపుల మధ్య ఉండగా బస్సు నన్ను దాటి వెళ్లిపోయేది. అలాంటివాడు పాత కారు కొని ఇంట్లో తనే బాగుచేసుకుంటాననడం ఎంత తెలివితక్కువ పనో మా గల్లీలో అందరికీ తెలుసు, నాకు తప్ప.

డెబ్బైల మధ్య రోజులు. షాలిబండ వెనక గల్లీలో మా ఇల్లు. ప్రభుత్వ కర్మాగారంలో స్టోర్స్ గుమాస్తాను నేను. ఇతరులు బిగించే నట్లూ బోల్టులూ చీటీ చూసి ఇవ్వడమే రోజంతా పని. పదేళ్లు అలా ఇచ్చాక, నా చేత్తో ఒక్కటైనా బిగించి ఏదో ఒకటి కదిలేలా చెయ్యాలని తిక్క పుట్టింది.

కారు చాంద్రాయణగుట్టలో ఒక రిటైరైన డాక్టరుగారి పెరట్లో దొరికింది. రెండు తలుపుల చిన్న ఇంగ్లీషు కారు. వెనక సీటులో కోడి పొదిగి ఉంది. పిల్లలు లేచేదాకా ఆగమన్నారు డాక్టరుగారు. ఎన్నాళ్లని అడిగితే పది రోజులన్నారు. అన్నాళ్లు ఎవరు ఆగుతారు? కోడినీ గుడ్లనూ గంపలోకి మార్పించి, ఎద్దుల బండి వెనక తాడు కట్టి కారును ఇంటికి లాక్కొచ్చాను. "బర్రెను గొనుక్కొస్తున్నవా అన్నా? పాలెన్ని ఇస్తది?" అని గల్లీ మొదట్లోనే ఒకాయన పలకరించాడు. మా ఇంటి వాకిట్లో ఒకప్పుడు టాంగా గుర్రబ్బండి నిలిపేవారు కాబట్టి దర్వాజా వెడల్పుగా ఉండేది. కారు సరిగ్గా పట్టింది.

నా తొందరకు మొదటి శిక్ష ఎండాకాలంలో పడింది. ఎడమ తలుపుకు అరచేయంత తుప్పు బొక్క ఉండేది. రేకు అతకడానికి రెండు వారాలు పడుతుందన్నాడు రేకుల పనివాడు. నేను నేరుగా లాడ్ బజార్‌కు వెళ్లి, గాజులు చేసే ఒకాయన దగ్గర లక్క తెచ్చి, కుంపటి మీద కరిగించి బొక్క పూడ్చి, పైన రంగు కొట్టేశాను. చూసినవాళ్లంతా భేష్ అన్నారు. ఏప్రిల్ ఎండకు అది బెల్లం పాకంలా కారి గడప దాకా వచ్చింది. మా ఆవిడ చీపురు పట్టుకుని నిలబడి, "కారుకు గాజులు దొడిగినవా ఏందయ్యా?" అంది. అలిగి ఆ పూట అన్నం మానేశాను. సాయంత్రానికి ఆకలి ఆగక తిన్నాను.

ఆ లక్క కథ నవ్వులాటగా ఊరంతా తిరిగి కిషన్‌బాగ్ దాకా చేరింది. అక్కడి నుంచి నవ్వుకుంటూ వచ్చాడు ఉస్తాద్. డెబ్బై దగ్గర పడిన మనిషి. నలభై ఏళ్లు మోటారు మెకానిక్‌గా పనిచేశాడు. కళ్లకు శుక్లాలు వచ్చి చూపు మసకబారాక, షాపు అల్లుడికి అప్పగించి ఇంట్లో కూర్చున్నాడు. "కండ్లు పోతున్నయి బేటా, చేతులు పోలే. నీ బండిని ఒక్కసారి ముట్టుకోనియ్యి" అన్నాడు. ఆదివారం ఆదివారం వచ్చేవాడు. తీసుకునేది చాయ్ ఒక్కటే. అది కూడా తనే పోసేవాడు. మా ఆవిడ కెటిల్ తెచ్చి పెట్టగానే అందుకుని, చెవి కాస్త వంచి, కప్పు నిండే చప్పుడు వింటూ పోసి, అందరికీ అందించేవాడు. ఎప్పుడూ ఒక చుక్క కింద పడేది కాదు.

పని కూడా అలాగే చేసేవాడు. వేలి కొసలతో తడిమి ఏ బోల్టు మర అరిగిందో చెప్పేవాడు. స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి ఇంజన్ లోపలి సంగతి వినేవాడు. నా చేతికి పనిస్తే మాత్రం పక్కనే కూర్చునేవాడు. "పావు చుట్టు తిప్పు. ఆగు. విను. మళ్ల పావు చుట్టు." నేను ఒక్క ఊపులో రెండు చుట్లు తిప్పేవాణ్ణి. ఆయన మొత్తం వెనక్కి తిప్పి మళ్లీ మొదటి నుంచి చేయించేవాడు. నిప్పుల మీద కూర్చున్నట్టుండేది నాకు. అయినా ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూసేవాణ్ణి. నాన్న పోయాక ఇంకొకరి పక్కన అంత సేపు కూర్చున్నది ఆయన దగ్గరే.

దసరా నాటికి ఇంజన్ దాదాపు సిద్ధమైంది. ఇంజన్‌కు పెట్రోలు, గాలి కలిపి అందించే కార్బురేటర్ ఒక్కటే మిగిలింది. దాన్ని ఆయన విప్పి, కడిగి, లోపల అన్నీ అమర్చాడు. పక్కన పెట్రోలు నిలిచే చిన్న గిన్నెకు మూత బాగుచేయాల్సి ఉంది. మూత తను తీసుకెళ్లి, తెరిచి ఉన్న గిన్నె మీద శుభ్రమైన గుడ్డ కట్టి నా చేతికిచ్చాడు. "గీ గుడ్డ మాత్రం తియ్యకు. దుమ్ము గుడ పడొద్దు."

దసరా రోజు అమ్మ పనిముట్లన్నిటికీ పూజ పెట్టింది. స్పానర్లు, సుత్తి, జాకీ, కత్తిపీట, వాటి మధ్యలో కార్బురేటర్. పసుపు కుంకుమ పెడుతూ దాని దగ్గర ఆగింది. "మూతికి గుడ్డ గట్టి పూజల వెడ్తరా బిడ్డా? ఎవలన్న జూస్తె ఏమనుకుంటరు?" వాదించే ఓపిక నాకెక్కడిది? పూజ అయితే భోంచేసి రంగు పని చూసుకోవాలి. గుడ్డ లాగేసి, "కానియ్యమ్మా జల్ది" అన్నాను. అమ్మ మంత్రం చదివి గుప్పెడు అక్షింతలు అన్నిటి మీదా చల్లింది. నేను పైపైన దులిపి మళ్లీ గుడ్డ కట్టేశాను. అక్కడితో ఆ సంగతే మరిచిపోయాను.

తరవాతి ఆదివారం ఉస్తాద్ మూత పట్టుకొచ్చాడు. బిగించే ముందు అడిగాడు. "గుడ్డ తియ్యలే గదా? తీసినవంటె చెప్పు, మళ్ల కడిగి ఆరబెడ్త. ఒక్క పూట పోతది, అంతే."

ఆ ఒక్క పూట నాకు కొండలా కనిపించింది. దీపావళికి అమ్మను కారులో చార్మినార్ చుట్టూ తిప్పుతానని గల్లీ అంతా చెప్పుకుని ఉన్నాను. "తియ్యలే ఉస్తాద్" అన్నాను. అబద్ధమాడుతున్నానని కూడా తోచలేదు, అంత తేలిగ్గా వచ్చింది నోటికి. ఆయన తల ఊపి మూత బిగించాడు. ప్రతిదీ వేలు పెట్టి తడిమి చూసే మనిషి, నా మాట నమ్మి ఆ గిన్నెలో మాత్రం వేలు పెట్టలేదు.

దీపావళి పొద్దున వాకిట్లో జనం, వాళ్లలో ఉస్తాద్ కూడా. అమ్మ పట్టుచీర కట్టుకుని, ఒళ్లో కొబ్బరికాయతో వెనక సీటులో కూర్చుంది. హ్యాండిల్ రెండోసారి తిప్పగానే ఇంజన్ అందుకుంది. చప్పట్లు. దర్వాజా దాటాం. గల్లీ మలుపు దాకా వెళ్లాం. అక్కడ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మళ్లీ తిప్పితే అందుకుంది, పది గజాలు పోయి ఆగింది. మళ్లీ అంతే. "అన్నా, గిది పెట్రోలుతోని నడుస్తదా, పహిల్వాన్లతోని నడుస్తదా?" అన్నాడు ఒకాయన. నలుగురూ నెట్టి వాకిట్లోకి చేర్చారు. అమ్మ కొబ్బరికాయ పట్టుకుని నడిచి ఇంటికొచ్చింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఉస్తాద్ బానెట్ ఎత్తి కార్బురేటర్ మీద చెయ్యి వేశాడు. నా నోరు జారింది. జారిందంటే తప్పు, నేనే వదిలాను. "కండ్లు కనవడకుంటె ఇంట్ల కూసోవాలె. నా బండి మీద చెయ్యెందుకు పెట్టినవ్? చెయ్యి పోయింది నీకు, ఇంగ ఒప్పుకో!" అప్పటిదాకా ఆయన్ను మీరు అని తప్ప అనలేదు. ఆయన జేబులోంచి గుడ్డ తీసి ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. మా ఆవిడ కెటిల్ పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. చాయ్ తాగకుండా వెళ్లిపోయాడు.

ఆ తరవాత నెల రోజులు నేను మనిషిలా లేను. ప్లగ్గులు మార్చాను. ట్యాంకు దింపి కడిగాను. పెట్రోలు గొట్టం ఊది ఊది దవడలు నొప్పెట్టాయి. ఏం చేసినా అదే వరస: అందుకోవడం, దగ్గడం, ఆగడం. ఆఫీసులో బోల్టుల బదులు వాషర్లు ఇచ్చి తిట్లు తిన్నాను. కార్బురేటర్ జోలికి మాత్రం పోలేదు. విప్పితే మళ్లీ బిగించడం నాకు రాదు, ఆ పని తెలిసిన మనిషిని నేనే తరిమేశాను. "పోయి ఒక్క మాట అడుగరాదా ఉస్తాద్ చాచాను" అని మా ఆవిడ రోజూ అనేది. ఆయనదే తప్పని రోజూ అరిచేవాణ్ణి.

చివరికి ఒక ఆదివారం, ఇక ఏదైతే అదవుతుందని, గిన్నె విప్పి పెట్రోలు తెల్లటి పింగాణీ ప్లేటులోకి ఒంపాను. దాంతోపాటు ఒక గింజ జారి పడింది. బియ్యపు గింజ. ఇంకా పసుపుపచ్చగానే ఉంది. ఇంజన్ పీల్చినప్పుడల్లా పోయి పెట్రోలు చిమ్మే జెట్ రంధ్రానికి అడ్డం పడేది, ఇంజన్ ఆగగానే పక్కకు జరిగేది. అంతే, నెల రోజుల రోగం అదే.

చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. గుడ్డ లాగడం, దులపడం, "తియ్యలే ఉస్తాద్" అనడం, వరసగా అన్నీ గుర్తొచ్చాయి. గింజను కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని, ఆయన చేయించిన పద్ధతి గుర్తు తెచ్చుకుంటూ గిన్నె బిగించి, పెట్రోలు పాళ్లు సరిచేసే స్క్రూ తిప్పాను. హ్యాండిల్ తిప్పితే కారు గల్లీ దాటింది, చార్మినార్ చుట్టి వచ్చింది, ఎక్కడా దగ్గలేదు. అమ్మ అక్షింతలు వేసినందుకే నడిచిందని పొంగిపోయింది. "ఉస్తాద్ తోని కాలే గని నువ్వు చేసినవ్, మస్తు ఉంది" అన్నారు గల్లీవాళ్లు. కాదనలేదు. రెండు రోజులు ఆ పొగడ్త మోశాను. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ రెండు రోజులూ కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు పోవాలో తెలిసేది కాదు. ఎటు పోవాలో నిజానికి తెలుసు.

మూడో రోజు సెలవు పెట్టి కిషన్‌బాగ్ వెళ్లాను. ఇంటి ముందు కారు ఆపకముందే అరుగు మీంచి ఆయన గొంతు వినిపించింది. "పావు చుట్టు ఎక్కువ దిప్పినవ్." అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. నెల రోజుల్లో బాగా చిక్కిపోయాడు. ఎండ ఎక్కాక కూడా చేతులు రెండూ శాలువా లోపల పెట్టుకున్నాడు.

కాగితం విప్పి గింజను ఆయన అరచేతిలో పెట్టాను. వేలి కొసతో దొర్లించాడు. "చావల్" అన్నాడు.

"గిన్నెల ఉండె. దసరానాడు గుడ్డ నేనే తీసిన. మీరడిగితె తియ్యలేదన్న. ఒక్క పూట పోతదని అబద్ధమాడిన."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గింజను దొర్లిస్తూనే, నాతో అన్నట్టు కాకుండా అన్నాడు. "రోజూ మనసుల్నే విప్పిన బేటా దాన్ని. విప్పిన, బిగించిన. ఏడ తప్పిన్నో దొర్కలే. నిజంగనే చెయ్యి పోయిందనుకున్న. నెల సంది చాయ్ గుడ కోడలే పోస్తున్నది. నేను పోస్తె కింద పోతదేమోనని భయం."

ఆయన పాదాల దగ్గర మెట్టు మీద కూర్చున్నాను. కాసేపటికి ఆయనే లేచి, గోడ పట్టుకుని కారు దగ్గరికి వచ్చాడు. ఇంజన్ ఆన్ చేయించి, స్క్రూడ్రైవర్ నా చేతిలోనే పెట్టాడు. తను బానెట్ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. "పావు చుట్టు ఎనకకు. ఆగు." ఆగాను. వీధిలో రిక్షాలు పోతున్నాయి, ఎవరో పిలుస్తున్నారు, నేను ఆగే ఉన్నాను. "విను" అన్నాడు. విన్నాను. ఇంజన్ చప్పుడు మెత్తబడింది.

అరుగు మీదికి తిరిగొచ్చేసరికి కోడలు పరదా పక్కనుంచి కెటిల్, రెండు కప్పులు పెట్టి ఉంది. నేను పోద్దామని చెయ్యి చాచాను. "ఆగు" అన్నాడు. శాలువా పక్కన పడేసి కెటిల్ తనే అందుకున్నాడు. చెవి కప్పు వైపు వంచాడు. ధార సన్నగా, తెగకుండా పడింది. కప్పు అంచు దాకా నిండింది. సాసరులో ఒక్క చుక్క లేదు. రెండు చేతులతో నాకు అందించాడు. తీసుకున్నాను. తొణికింది నా చేతిలోనే.