సీనప్ప మేస్త్రీ కట్టిన పుట్ట

సీనప్ప మేస్త్రీని పొగడాలంటే నాకు ఒళ్లు మంట. పొగడకుండా ఆయన గురించి చెప్పడమూ కుదరదు. నల్లంపల్లి చుట్టుపక్కల నలభై ఏళ్లుగా గోడలు లేపుతున్నాడు. ఆయన కట్టిన గోడ వెంట్రుకవాసి పక్కకు పోదు. నోరు మాత్రం ఎటైనా పోతుంది. ఏదో గృహప్రవేశంలో తనకు చివరి పంక్తిలో ఆకు వేశారని ఇరవై ఏళ్లయినా తిట్టుకుంటూనే ఉంటాడు. ఆయన బాధ ఒకటే. ఊళ్లో సగం ఇళ్లు తన చేతి పనే, ఒక్కరూ పేరెత్తరు.

పోయినేడు చిత్తిరై నెల ఎండల్లో మా ఊరి బాల్వాడిలో ఆయన మనవరాలు శాలిని సొమ్మసిల్లి పడిపోయింది. నాలుగేళ్ల పిల్ల. సిమెంటు రేకుల కింద ఇరవై మంది పసివాళ్లను కూర్చోబెడితే ఇంకేమవుతుంది? టీచర్ కలైవాణి కాళ్లరిగేలా తిరిగితే, చివరికి ఏదో సంస్థ కొత్త గది కట్టిస్తానని లోకనాథన్ అనే ఆర్కిటెక్టును పంపింది.

లోకనాథన్ కారు దిగి స్థలం చూడలేదు, స్థలం పక్కనున్న చెదపుట్టను చూశాడు. దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. మొక్కు ఉందేమో అనుకున్నాం.

“చెదలే మనకు గురువులు. కింది కన్నాల్లోంచి గాలి లోపలికొస్తుంది, వేడి పైనుంచి పోతుంది. బాల్వాడి కూడా ఇలాగే కడదాం. ఫ్యాన్ అక్కర్లేదు,” అన్నాడు.

“నలబై ఏండ్లుగా కట్టతా ఉండాను సార్. పురుగుల దగ్గర పని నేర్చుకోమని ఎవురూ చెప్పలే,” అన్నాడు సీనప్ప.

అన్నాడే గానీ, ఆ మర్నాటి నుంచి పుట్ట ముందు గొంతుక్కూర్చుని గంటలకొద్దీ చూశాడు. తర్వాత కట్టాడు. మందమైన మట్టి గోడలు, అడుగున చేయి దూరేంత కన్నాలు, నెత్తిన పొడుగాటి గొట్టం, అంతటా ఎర్రమన్ను పూత. మనవరాలి కోసం కట్టినట్టు ఆయన ఇంకెవరికీ కట్టలేదు. లోపల ఎంత చల్లగా ఉండేదంటే, నేనే ఒక మధ్యాహ్నం దూరి కునుకు తీశాను.

పని ముగిసిన రోజు తాపీ కడిగి, గడపకు కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించడం మా ఊరి మేస్త్రీల ఆనవాయితీ. ఆ రోజు గడప ఇంకా తడిగా ఉంది. సీనప్ప ఆలోచించకుండా తూర్పు వైపు పెద్ద కన్నం దగ్గర కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి ఇంటికి పోయాడు.

తెల్లారేసరికి కన్నంలో కోడిగుడ్డు ఉంది.

శుక్రవారానికి పాలూ పసుపూ వచ్చాయి. మూడో వారానికి వెల్లిచందై నుంచి ఆటోల్లో జనం దిగారు. కన్నాలన్నీ గుడ్లతో, పసుపు ముద్దలతో పూడుకుపోయాయి. నాగమ్మ కొలువైన చోట పిల్లలు ఉచ్చ పోస్తే ఊరికి అరిష్టమని పెద్దమనుషులు వాళ్లను మళ్లీ రేకుల కిందికి తోలారు. ఆ పెద్దమనుషుల్లో నేనూ ఉన్నాను. అసలు పుట్ట పది అడుగుల దూరంలోనే ఉన్నా దాని మొహం చూసినవాడు లేడు. అది చిన్నది మరి.

లోకనాథన్‌కు ఫోన్ చేస్తే, జనం కట్టడాన్ని సొంతం చేసుకున్నారని మురిసిపోయి ఫొటోలు పంపమన్నాడు.

కలైవాణి సీనప్ప ఇంటికి వచ్చింది. “కుంకుమ పెట్టింది నువ్వే కదా మామా? నువ్వే చెప్పల్ల. ఎండలు ముదురుతా ఉండాయి. శాలిని మళ్లా పడిపోతే ఏం చేస్తావు?”

ఆ శుక్రవారం సీనప్ప ఇనుప చువ్వ పట్టుకుని జనంలోకి వచ్చాడు. ముందు వరుసలో పాలచెంబుతో ఆయన భార్య మీనాక్షమ్మే నిలబడి ఉంది.

“ఇది పుట్ట కాదు! నేను కట్టింది! కుంకుమ పెట్టిందీ నేనే, తప్పు నాదే! పిల్లోళ్లకు గాలి కావల్ల, దోవ ఇడవండి!” ఒళ్లంతా వణుకుతోంది, కళ్లలో నీళ్లు. అంత గర్విష్ఠి నలుగురిలో అలా నిలబడితే నాకు నిజంగా గుండె నిండిపోయింది.

మీనాక్షమ్మ చెంబు కింద పెట్టింది. “అయ్యో, ఈయన మీదికి అమ్మ వచ్చేసినాది! తప్పు నాదే అనే మాట ఇన్నేండ్ల కాపరంలో ఈ నోట్లోనించి నేను యినలేదు!” అంటూ మొగుడి కాళ్ల మీద పడింది.

ఇంతకంటే రుజువు ఏం కావాలి? ఎవరో వేపమండ తెచ్చారు, ఎవరో మెడలో దండ వేశారు. “అమ్మే నీ చేత కట్టించుకునింది సామీ!” అని అందరూ దణ్ణాలు పెట్టారు. జన్మలో మొదటిసారి ఊరంతా ఆయన పేరెత్తింది. చువ్వను ఎవరో మెల్లగా అందుకుంటే ఆయన వదిలేశాడు. దండ తీసి విసిరికొడతాడని చూశాను. చొక్కా కాలరు కింద నలగకుండా దాన్ని సర్దుకున్నాడు.

ఇప్పుడు సీనప్ప శుక్రవారాలు పనికి పోడు, గడప పక్కనే కూర్చుంటాడు. అమ్మవారికి ఉక్కపోయకూడదని కన్నాలన్నీ తనే శుభ్రం చేసి, వాటికి జల్లెడ బిగించాడు. లోపల మళ్లీ చల్లగా ఉంది.

మొన్న మధ్యాహ్నం శాలిని రేకుల కిందనుంచి చెమటలు కక్కుతూ పరుగెత్తుకొచ్చింది. “తాతా, ఆడ ఉడుకు. నేను ఈడ పండుకుంటా,” అని గడప మీద కాలు పెట్టింది.

సీనప్ప పిల్ల రెక్క పట్టుకుని కిందికి దించాడు.

“లోపల సామి ఉండాదమ్మా,” అన్నాడు. “పో, పోయి టీచర్ దగ్గిర కూచో.”