మాస్టారి చెవికి సరిపడా

మా లెక్కల మాస్టారు పోయి పన్నెండు రోజులైంది. ఆయన దగ్గర చదివిన మీకు ఈ కబురు ఈపాటికి అందే ఉంటుంది. నేను ఇప్పుడే రాయడానికి కారణం వేరు. ఆయన ఆఖరి సాయంత్రం మీలో ఎవరైనా ఆ ఇంటికి వెళ్లి ఉంటే, నాకొక సంగతి తెలియాలి.

మాది నూజివీడు మామిడితోటల్లో కాపలా ఉండే కుటుంబం. మా ఇంట్లో బడి గడప తొక్కింది నేనే మొదట. మాస్టారు మద్రాసులో ఎవరో వాడి వదిలేసిన కంప్యూటరు కొనితెచ్చి, పాత టీవీకి తగిలించి, వేసవి సాయంత్రాలు మాకు లెక్కలు నేర్పేవారు. జవాబు తప్పితే అది కూత పెట్టేది. ఆయన అటు తిరిగి కూర్చుని, ఊరగాయకు కాయలు తరుగుతూ ఆ కూతకి చెవి ఒగ్గి ఉండేవారు.

ఆయనకు చెవులు మందగిస్తున్నాయని తెలిసి, మేం ప్రోగ్రాములో శబ్దం అంకె తగ్గించేశాం. రెండు రోజులు ఎవరికీ ఒక్క తప్పూ రాలేదు.

"అందరూ ఒక్కసారే మేధావులైపోయారేంట్రా?" అన్నారు మూడోరోజు.

ఆ వారమే ఇంకో ప్రోగ్రాము రాశారు. మిషను పెట్టగానే అది ఒకటి నుంచి పదిహేను దాకా శబ్దం పెంచుకుంటూ కూస్తుంది. వినపడగానే ఆయన మీట నొక్కుతారు. ఆ రోజుకి శబ్దం అక్కడ ఖాయం. ఆ అంకె తేదీతో సహా, మిషనుకి తగిలించిన టేపురికార్డరు కేసెట్టులోకి ఎక్కుతుంది.

"నా చెవి సంగతి ఇక ఇదే చూసుకుంటుందర్రా. తప్పు చేస్తే చప్పుడవ్వాలి" అనేవారు.

ఈ వేసవిలో నాన్న, "ఇంటర్ అయిందిగా, చాల్లేమ్మా. రేపట్నుంచి షెడ్డులో కాయలేరడానికి రా" అన్నాడు. ఆ మాట చెప్పడానికే మాస్టారింటికి వెళ్లాను. పిల్లలింకా రాలేదు. టీవీ వెలుగుతోంది. ఆయన కిటికీ వైపు తిరిగి ఉన్నారు.

"మాస్టారూ, చదువు మానేస్తున్నానండీ" అన్నాను గుమ్మంలోంచే. గట్టిగా అనే ధైర్యం లేకపోయింది. ఆయన కదల్లేదు. వినపడలేదులే అనుకుని, లోలోపల సంతోషించి, వచ్చేశాను. తెల్లారేసరికి ఆయన లేరు.

పదకొండో రోజు కర్మ ముగిశాక మాస్టారి భార్య, అమ్మగారు, నన్ను పిలిచి, "ఆయన ఆ మిషన్లో ఏం రాసుకున్నారో చూసి చెప్పవే అమ్మాయ్" అన్నారు. కేసెట్టు పెట్టాను. తెర మీద అంకెలు వరసగా దిగాయి. తొమ్మిది, పదకొండు, పదమూడు. నెల నుంచీ రోజూ పద్నాలుగే. చిట్టచివర, నేను వెళ్లిన రోజు తేదీకి ఎదురుగా, ఒకటి.

"చెయ్యి తగిలి ఉంటుందండీ" అన్నాను.

అందుకు ఆవిడ, "ఆ రోజు పొద్దున వంటింట్లో గిన్నె మెల్లిగా పెట్టమన్నారే. ఆయన ఆ మాట అని ఎన్నేళ్లయిందో" అన్నారు.

శబ్దం ఒకటికి పెట్టి, మిషనుకి చెవి ఆనించాను. నా ఊపిరి నాకు వినపడింది గానీ ఆ కూత వినపడలేదు. ఊపిరి బిగపట్టాక, దూరపు తోటలో ఎవరో ఎవరినో పిలిచినంత సన్నగా తగిలింది. గుమ్మంలో నేనన్న మాట దానికన్నా చాలా పెద్దది.

వినీ ఎందుకు తిరగలేదో నాకు తెలియడం లేదు. నా తరవాత వెళ్లినవాళ్లు, ఆయన మీ మాటలు విన్నారో లేదో, నా గురించి ఏమైనా అన్నారో ఈ పత్రిక చిరునామాకు రాయండి. డిగ్రీలో చేరడానికి జూన్ ఇరవై ఆఖరు. అప్పటిదాకా ఆగుతానని నాన్న ఒప్పుకున్నాడు. ఆలోగా రాయండి. ఆయన ఏమీ అనలేదన్నా సరే, రాయండి.